ఏం కాదులే

ధైర్యం చెప్పడమంటే "ఏం కాదులే" అనడమేననుకునేదాన్ని.

ఢిల్లీ మార్కెట్లలో బాంబులు పేలుతున్న రోజులవి. బస్సెక్కగానే సీటు కిందికి వంగి చూడటం అందరికీ అలవాటైంది. ఆ ఉదయం మునిర్కాలో ఎక్కిన నేను చూడటం మరిచాను. బస్సు కదిలాక నా కాళ్ళకు నల్ల సంచి ఒకటి తగిలింది. కండక్టర్ ఎన్నిసార్లడిగినా ఎవరూ తమదనలేదు. బస్సు ఆపగానే అందరూ తోసుకుంటూ దిగిపోయారు. నాకు కాళ్ళు కదల్లేదు.

"కుఛ్ నహీ హోగా, ఏం కాదు, దిగండి మేడమ్!" రోడ్డు మీద దూరంగా నిలబడి కండక్టర్ అరుస్తున్నాడు.

పక్క సీటు పెద్దావిడ కూడా దిగలేదు, నా చెయ్యి పట్టుకుంది. ఆమె చెయ్యి నాకంటే ఎక్కువ వణుకుతోంది.

"నాకూ భయంగానే ఉంది బేటీ. కలిసి లేద్దాం," అంది హిందీలో.

లేచాం.

మేం దిగాక పోలీసులొచ్చి తెరిస్తే సంచిలో ఉన్నవి స్వెటర్లట. అది తెలిశాక కూడా ఆమె నా చెయ్యి వదల్లేదు. నేనూ వదిలించుకోలేదు.

ఇప్పటికీ ఎవరైనా భయపడితే నా నోట "ఏం కాదులే" రాదు. చెయ్యి మాత్రం ముందుకెళ్తుంది, వణుకుతూనే.