దోన్ ఎర్నేయ్ పెట్టెలు అబద్ధమాడవు

దోన్ ఎర్నేయ్ మా కాలీ నగరం బస్సు డిపోలో ఇంజన్లు విప్పి బిగించి రిటైరైన మనిషి. అయినా మా పేటలో ఆయన్ని మెకానిక్కని ఎవరూ అనరు. పాత సల్సా పాటల రికార్డుల దోన్ ఎర్నేయ్ అంటేనే ఇల్లు చూపిస్తారు. దోన్ అంటే మావైపు పెద్దవాళ్లను 'గారు' అన్నట్టు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదయ్యా అంటే ముందుగదిలో ఉన్న స్పీకర్ల జత వైపు చూసి నవ్వేవాడు. వాటి మీద ఉన్న మమకారంలో సగం పెళ్లాం మీద ఉండి ఉంటే ఆ మహాతల్లి బంగారు గాజులతో తిరిగేది.

అవి అరవైల నాటివి. పుస్తకాల అరలో పెట్టుకునే స్పీకర్లని పేరేగానీ, వాటిని మోసే అర మా వీధిలో ఏ ఇంట్లోనూ లేదు. ముదురు చెక్క, ముందు నారబట్ట, గాలి చొరబడకుండా బిగించేసిన పెట్టెలు. కాంగా డోలు మీద అరచెయ్యి పడితే ఆ దెబ్బ మన పొట్టలో తెలిసేది. "ఇప్పటివి చెవిలో సూదులు గుచ్చుతాయి. ఇవి వినండి, వెన్న!" అనేవాడు. మేమూ వెన్నే అనేవాళ్లం. ఊళ్లో బస్సులన్నీ విప్పినవాడు వాటిని మాత్రం విప్పలేదు, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. గోడకు ఆనించినవి ఆనించినట్టే ఉండేవి. తుడవడం కూడా ముందువైపే.

ఆదివారం మధ్యాహ్నమైతే ఆ ముందుగది నిండిపోయి కుర్చీలు వీధిలోకి వచ్చేవి. రికార్డులు సంకలో పెట్టుకుని ఒక్కొక్కరే దిగేవాళ్లు. నేను గుమ్మం పక్కన పొయ్యి పెట్టుకుని, లోపల కూర పెట్టిన కజ్జికాయల్లాంటి ఎంపనాదాలు వేయించి అమ్ముకునేదాన్ని. మావాళ్లు ఊరికే కూర్చుని వినే రకం కాదు. ఒకడు ఇంటినుంచి గంట తెస్తాడు, ఇంకొకడు గిలక్కాయలు తెస్తాడు, మరొకడు గ్వీరో తెస్తాడు. గ్వీరో అంటే ఎండిన సొరబుర్రకు గాట్లు పెట్టి పుల్లతో గీకే వాయిద్యం. రికార్డు తిరగడం మొదలైందా, అందరూ దానితోపాటు వాయించేయడమే. ఇక ఏ రికార్డులో ఏది ఎవరు వాయించారన్న దాని మీద పోట్లాటలు. అట్టల మీద పేర్లుండవు గనక వాటికి అంతుండదు. చివరి మాట దోన్ ఎర్నేయ్‌ది. పాట మళ్లీ వేసి, "పెట్టెలు అబద్ధమాడవు," అని తేల్చేసేవాడు.

ఓతోనియెల్ అనే ముసలాయన కూడా వచ్చేవాడు. బస్‌స్టాపు దగ్గర పచ్చి మామిడికాయ ముక్కలకు ఉప్పూ నిమ్మరసం కలిపి అమ్ముకుంటాడు. ఆయనది సముద్రం వైపు ఊరు, బ్వెనావెంతురా. కుర్రతనంలో అక్కడి బృందం ఒకటి ఒకే ఒక్క రికార్డు చేసిందనీ, అందులో గ్వీరో తనదేననీ చెప్పుకునేవాడు. ఆ రికార్డును మాలో ఎవరూ చూడలేదు. ఆయన బతుకులో గొప్పగా చెప్పుకోవడానికి ఉన్నది ఆ ఒక్క మాటే. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పేవాడు, పైగా ఓ ముక్క ఎక్కువ వేసి మరీ.

చివరికి ఆ రికార్డు దోన్ ఎర్నేయ్‌కి పాతసామాన్ల వాడి దగ్గర దొరికింది. ఆ ఆదివారం ఓతోనియెల్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, కూతురు యామిలెత్‌ని వెంటబెట్టుకుని వచ్చాడు. అందరూ వాయిద్యాలు ఎత్తబోతుంటే దోన్ ఎర్నేయ్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"గంటలు కింద పెట్టండ్రా. ఇవాళ మనం వాయించొద్దు. పెద్దాయన వాయించింది విందాం."

రికార్డు తిరిగింది. బాకాలు వచ్చాయి, పియానో వచ్చింది, కాంగా పొట్టలో గుద్దింది. గ్వీరో మాత్రం రాలేదు. ముసలాయన పెట్టె దగ్గరకు వంగి చెవి పక్కన చెయ్యి పెట్టుకున్నాడు. పాట అయిపోయింది.

"ఏదీ పెద్దాయనా, నీ గ్వీరో?"

"ఉండాలి బాబూ... వాయించాను గదా."

"పెట్టెలు అబద్ధమాడవు. ఆడితే మనుషులే ఆడాలి."

వెనకనుంచి ఎవడో, "తాత మామిడికాయ గీకి ఉంటాడ్లే!" అన్నాడు. గదంతా గొల్లుమంది. యామిలెత్ తలెత్తకుండా తండ్రి చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. ఆ తర్వాత ఆయన మా వైపు రాలేదు. స్టాపు దగ్గర కుర్రకుంకలు "ఏం తాతా, ఈ మామిడికాయ కూడా రికార్డులోదేనా?" అని ఏడిపిస్తున్నారని విన్నాం.

కొన్నాళ్లకు దోన్ ఎర్నేయ్ పుట్టినరోజుకి మేనకోడలు కొత్త స్పీకర్ల జత తెచ్చింది. రెండూ కలిపినా నా నూనె మూకుడంత లేవు. "ఇవి స్పీకర్లా, సబ్బుపెట్టెలా?" అన్నాడు. ఆదివారం నలుగురిలో వాటిని ఆటపట్టించాలని ఆయన సరదా. ఎక్కడ తేలిపోతాయో ముందే చూసుకుందామని ఓ పొద్దున వాటిని పాత పెట్టెల మీద పెట్టి తగిలించాడు. నేను కాఫీకని వెళ్లి అక్కడే కూర్చున్నాను. ఒక్కో రికార్డూ ఇందులో కాసేపు, అందులో కాసేపు వేశాడు.

"చూశావా నివియా, కాంగాకి కడుపే లేదు. రేకు డబ్బా మీద కొట్టినట్టుంది."

"నిజమే అన్నా. కానీ గంట మీద కర్ర ఎక్కడ పడుతోందో కూడా తెలుస్తోంది."

ఆ మాట ఆయనకు నచ్చలేదు. బ్వెనావెంతురా రికార్డు తీసి వేశాడు.

కర్ర్ చిక్ చిక్. కర్ర్ చిక్ చిక్.

"విన్నావా ఆ గరగర! చెత్త సరుకు," అని లేచి ముల్లు తుడిచాడు. మళ్లీ అదే. గీత పడ్డ రికార్డు గరగరలాడుతుందిగానీ తాళంలో గీకదు. ఆ సంగతి నాకంటే ముందే ఆయనకు తట్టింది. మొహం పాలిపోయింది.

పాత పెట్టెను గోడనుంచి ఇవతలికి లాగాడు. వెనక చిన్న నాబ్ ఉంది. సన్నటి శబ్దాలు పలికే ట్వీటర్‌ను పెంచడానికీ తగ్గించడానికీ పెట్టిన నాబ్ అది, పచ్చగా చిలుము పట్టిపోయింది. అటూ ఇటూ తిప్పితే చిటపటలాడింది. ఆపైన గ్వీరో అందులోంచీ వచ్చింది. న్యాయంగా చెప్పాలంటే కొత్తవాటికంటే నిండుగా వచ్చింది. ఎన్నేళ్లుగా సగం మూగగా ఉన్నాయో అవి. ప్రతి పాటకీ పైనుంచి మేమే గంటలూ గ్వీరోలూ వాయించేస్తుంటే లేనిదేమిటో ఎవరికి తెలుస్తుంది? వెన్న వెన్న అని మేం లొట్టలేసింది ఆ చిలుముకే.

"బస్సులో అయితే చప్పుడు వినే రోగం ఎక్కడో చెప్పేవాణ్ణి," అంటూ దోన్ ఎర్నేయ్ నేలమీద కూలబడ్డాడు. "ఆయన కూతురి ఎదురుగా అన్నాను నివియా, ఆ మాట."

తల వంచుకునే మళ్లీ అన్నాడు: "రెండోది కూడా బాగుచేసి గోడకి పెట్టేస్తే... ఎవరికి తెలుస్తుందంటావ్?"

"నాకు తెలిసిందిగా. నా నోటి సంగతి నీకు కొత్తా?"

సిగ్గుతో మనిషి ముడుచుకుపోయాడు. ఆ ఆదివారం ఒంట్లో బాగోలేదని తలుపు తీయలేదు. బజారుకు వెళ్లాలన్నా స్టాపు తప్పించి చుట్టుతిరిగి పోయేవాడు. చూసి చూసి ఓ రోజు నేనే రెక్కపట్టుకుని మామిడికాయల బండి దగ్గరికి తీసుకెళ్లాను. మామిడికాయల వైపే చూస్తూ జరిగిందంతా చెప్పాడు.

ఓతోనియెల్ ముక్కలు కోస్తూనే విన్నాడు. "వదిలెయ్ బాబూ. నేనే పొరబడి ఉంటాను. ఈ వయసులో కల కూడా జరిగినట్టే ఉంటుంది."

"కాదు పెద్దాయనా, నువ్వు వాయించావు. నా చెవులతో విన్నాను. రా, అందరి ముందూ చెప్తాను."

"అందరి ముందూనా? మళ్లీనా?" అని వెనక్కి జరిగాడు. ఆ అడుగు చూసి దోన్ ఎర్నేయ్ చచ్చిపోయినంత పనైంది. బండి పట్టుకుని వదల్లేదు, వస్తానన్నదాకా.

ఆదివారం గది నిండాక దోన్ ఎర్నేయ్ లేచి నిలబడ్డాడు. "ఆ రోజు అబద్ధమాడింది నా పెట్టెలు. చిలుము చూసుకోకుండా మనిషిని చూసి నవ్వింది నేను. గంటలు కింద పెట్టండి."

పాత పెట్టెల్లోంచి గ్వీరో గింజ గింజగా రాలుతూ వచ్చింది. అందరి చూపూ పెట్టెల మీదే. ఓతోనియెల్ మాత్రం మా మొహాల్లోకి చూస్తూ, "వస్తోందా?" అని అడిగాడు. అప్పుడు అర్థమైంది మాకు. బాకాలు వినగలడు, కాంగా వినగలడు, అంత సన్నటి చప్పుడు ఆయన చెవులకి అందడం ఎప్పుడో మానేసింది. దోన్ ఎర్నేయ్ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

పియానో ఒక్కటే అందుకోగానే ముసలాయన వేలెత్తాడు.

"ఇక్కడ ఆగుతుంది. పుల్ల చేతిలోంచి జారింది. సిగ్గేసి ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు."

గ్వీరో ఆగింది.

"మళ్లీ పుల్ల తీసుకున్నాను," అన్నాడు. కర్ర్ చిక్ చిక్ మళ్లీ మొదలైంది.

దోన్ ఎర్నేయ్ ఆయన చెయ్యి పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కాస్త తేరుకున్నాక గుమ్మం వైపు చూసి అడిగాడు: "యామిలెత్ రాలేదేం పెద్దాయనా? ప్రత్యేకంగా కబురు పెట్టానే."

"రానంది బాబూ. ఆ రోజు ఇంటికెళ్లాక, నిజం చెప్పు నాన్నా అని పట్టుబట్టింది. నువ్వంత గట్టిగా అన్నాక నేనేం చెప్పను? అబద్ధమేనని ఒప్పేసుకున్నాను. ఇప్పుడు నిజమేనే తల్లీ అంటే నమ్మడం లేదు."