రోగి వేషంలో కుల్సుం

కుల్సుంకి ఆరేళ్లప్పుడు వాళ్ల నాన్న మస్తాన్ బాషా ఒంగోలు కర్నూలు రోడ్డులో మోటార్లకు వైండింగ్ చేసే షెడ్డు మూసేసి, పెళ్లాన్నీ పిల్లనూ వెంటబెట్టుకుని కెనడాలోని విన్నిపెగ్‌కి వెళ్లిపోయాడు. బస్సులు తయారుచేసే కార్ఖానాలో వైర్లు కలిపే పని. ఏడాదిలో సగం మంచు కురిసే ఊరు. బయట ఆడుకునే వీలు లేక, వచ్చీరాని ఇంగ్లీషుతో కుల్సుం బళ్లో నాటకాల టీచరు దగ్గర చేరింది. మాటలు లేని వేషాలే ఇచ్చేవారు. చెట్టు, కాపలావాడు, శవం. శవంగా పడుకున్నా ఈ పిల్ల మీంచి చూపు తిప్పుకోలేకపోయామని టీచరు ఇంటికొచ్చి చెబితే, అది పొగడ్తో ఫిర్యాదో తెలియక వాళ్లమ్మ టీ ఇచ్చి పంపింది.

నాటకాల చదువు ముగించి కుల్సుం వాంకూవర్ చేరింది. అంతరిక్షం సీరియళ్లు అక్కడ వరసపెట్టి తీస్తుంటారు. ఐదేళ్లు కాఫీ షాపులో కప్పులు కడుగుతూ, ఒక దాంట్లో గ్రహాంతరవాసుల గుంపులో ఒకతెగా, ఇంకో దాంట్లో మొదటి పది నిమిషాల్లోనే చచ్చిపోయే సైంటిస్టుగా కనిపించింది. ఇరవై ఏడో ఏట 'ఎలెవెంత్ ఆర్బిట్' అనే సీరియల్లో ఓరిన్ పాత్ర దొరికింది. ఓరిన్ ఆడమనిషి రూపంలో ఉన్న యంత్రం. ముఖంలో ఏదీ కదలకూడదు, అయినా లోపల ఏదో జరుగుతోందని చూసేవాళ్లకు తెలియాలి, అన్నాడు డైరెక్టరు. మూడు వారాలు అద్దం ముందు కూర్చుని ఆ విద్య పట్టింది కుల్సుం. ఐదు సీజన్లు నడిచిందా సీరియల్. వీధిలో ఎవరూ ఆమెను గుర్తుపట్టేవారు కాదు. ముఖానికి పూసిన వెండిరంగు తీసేస్తే ఆమె కూడా అందరిలాంటి మనిషే. కానీ ఎక్కడెక్కడి నుంచో ఉత్తరాలు వచ్చేవి. భర్త పోయిన ఒకావిడ, "నేను ఏడవలేని రోజుల్లో నీ ముఖం చూస్తూ కూర్చున్నాను" అని రాసింది. ఆ ఉత్తరాన్ని కుల్సుం చాలా ఏళ్లు దాచుకుంది.

సీరియల్ ఆగిపోయాక మూడేళ్లు ఖాళీ. ఆ ఖాళీలోనే టొరంటోలో ఒక చుట్టాల పెళ్లికి వెళ్లి కాషిఫ్‌ని చూసింది. నెల్లూరు వాడు, సిడ్నీలో ఫార్మసిస్టు. ఆమె సీరియల్ ఒక్క ఎపిసోడ్ కూడా చూడలేదని ముందే ఒప్పుకున్నాడు. ఆ మాటే ఆమెకు నచ్చింది.

అలా ముప్పై ఐదో ఏట సిడ్నీకి వచ్చింది. ఎడ్మండ్‌సన్ పార్క్‌లో కొత్త ఇల్లు, చుట్టూ ఇంకా మట్టి ఆరని వీధులు, రెండేళ్లకు కూతురు మెహ్విష్. ఆస్ట్రేలియాలో నటన అంత తేలిగ్గా సాగలేదు. నోరు విప్పితే కెనడా యాస. వాళ్లకు కావలసింది ఇండియా యాస. ఒక ఇన్సూరెన్స్ ప్రకటన, ఒక సీరియల్లో రెండుసార్లు కనిపించే డాక్టరు వేషం, అంతే. ఎవరో చెబితే వెస్ట్‌మీడ్‌లోని ఆసుపత్రిలో మెడికల్ విద్యార్థుల కోసం రోగి వేషాలు వేసే పనికి వెళ్లింది. విద్యార్థి వచ్చి కూర్చుంటాడు. ఈమె గుండెనొప్పి మనిషి అవుతుంది, లేదా కడుపు పోయిన తల్లి అవుతుంది. అతను ప్రశ్నలు వేసి జబ్బు కనుక్కోవాలి. కాగితం మీద రాసిచ్చిన లక్షణాలకు ఒకటి ఎక్కువా కాదు, ఒకటి తక్కువా కాదు. ఎనిమిదేళ్లు చేసింది. ఆమె దగ్గర పరీక్ష రాసిన పిల్లలు కొందరు అసలు రోగి అనుకుని కళ్లు తుడుచుకున్నారు.

రెండేళ్ల కిందట మొదలైంది. మొదట వాసన పోయింది. పోపు మాడి ఆ వాసన వంటిల్లంతా కమ్మినా ఆమెకు తెలియలేదు. తర్వాత చేతిరాత చిన్నదైంది. పచారీ చీటీ మొదటి వరస బాగానే ఉండేది, చివరికొచ్చేసరికి చీమల బారు. ఒకరోజు బడినుంచి వచ్చిన మెహ్విష్ ఏదో బహుమతి చూపించి, తల్లి ముఖంలోకి చూసి, మెల్లిగా బ్యాగ్ సర్దుకుంది.

"మమ్, ఆర్ యు మ్యాడ్ ఎట్ మీ?"

"లేదమ్మా. ఎంత సంతోషంగా ఉందో."

"యు డోంట్ లుక్ ఇట్," అని పిల్ల తన గదిలోకి వెళ్లిపోయింది.

కాషిఫ్ కూడా అలాగే అడిగేవాడు, ఇంకోరకంగా. "ఏంది కుల్సుం, నేనేమన్నా అన్నానా?" ఏమీ లేదంటే నమ్మేవాడు కాదు. పోనుపోను అడగడం మానేశాడు. భోజనాల దగ్గర షాపు కబుర్లు చెప్పడం కూడా మానేశాడు.

దగ్గర్లోని డాక్టరు ఇది వయసు, దిగులు అన్నాడు. మాత్రలు రాసిచ్చాడు. కుల్సుం కూడా అదే నమ్మింది. పని లేక ఇంట్లో దిగులుగా ఉంటున్నదాన్నే కదా, ముఖం ఇలాగే ఉంటుందేమో అనుకుంది. నిజంగా భయపడింది మటుకు వేషాలు చూసిపెట్టే ఏజెంటు నుంచి ఈమెయిల్ వచ్చిన రోజున. 'ఎలెవెంత్ ఆర్బిట్'ను మళ్లీ తీస్తున్నారు. ఈసారి షూటింగ్ క్వీన్స్‌ల్యాండ్‌లో, గోల్డ్ కోస్ట్ స్టూడియోలో. ఓరిన్ కథ ఎప్పుడో అయిపోయింది కాబట్టి కుల్సుంకి వేరే పాత్ర, కొడుకుని పోగొట్టుకున్న ఒక తల్లి. ఇంట్లోనే ఒక సీను చేసి వీడియో పంపమన్నారు. సీరియల్ ఆగిన పదిహేడేళ్లకు అందులోనే మనిషి వేషం, అదీ ఆమె కోసమే రాసినట్టుంది.

ఆదివారం మధ్యాహ్నం ముందుగదిలో తెల్ల దుప్పటి కట్టి, కాషిఫ్‌ని ఫోన్ పట్టుకోమంది. కొడుకు పోయిన కబురు విని తల్లి కుప్పకూలే సీను. కుల్సుం చేసింది. గుండె నిజంగా గొంతులోకి వచ్చింది. అయ్యాక చూసుకుంటే తెర మీద ఒకావిడ గోడకేసి చూస్తూ కూర్చుని ఉంది.

"మళ్లీ చేద్దాం," అంది.

పదకొండుసార్లు చేశారు. పక్కింటి గడ్డి కోసే మిషన్ ఆగి, మళ్లీ మొదలై, మళ్లీ ఆగింది. పన్నెండోసారి కాషిఫ్ ఫోన్ దించేశాడు.

"కొంచెం ఫీల్ అయి చెయ్యి కుల్సుం," అన్నాడు.

ఆ మాట అన్న కాషిఫ్ మీద కోపం రాలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది. స్నానాల గదిలోకి వెళ్లి అద్దంలో చూసుకుంది. నుదురు ముడివేయమని చెప్పింది. నుదురు వినలేదు. పెదాలు ఈడ్చమని చెప్పింది. కొంచెం ఈడ్చాయి, ఎవరో బద్ధకంగా పని చేసినట్టు. లోపల ఉన్నది లోపలే ఉండిపోయింది. నాకు నటన రాదు, ఎప్పుడూ రాలేదేమో, మొదటినుంచీ ఈ బొమ్మ ముఖంతోనే బతికానేమో అనుకుంది. ఆ ఆలోచన వచ్చాక ఒక వారం సరిగ్గా తిండి తినలేదు. ఉన్నవాటిలో కాస్త నయమైన వీడియోను పంపేసింది.

ఆ తర్వాతి గురువారం వెస్ట్‌మీడ్‌లో పరీక్ష. ఆమెకిచ్చిన కాగితంలో ఉన్నది చాలా తేలిక: ఎడమ భుజం నొప్పి, చెయ్యి పైకెత్తలేదు, మిగతాదంతా మామూలు. వరసగా ఐదుగురు విద్యార్థులు వచ్చి భుజం కదిపి, అడగాల్సినవి అడిగి వెళ్లారు. ఆరో అమ్మాయి పేరు అమూల్య. భుజం చూశాక ఎందుకో ఆగి, కుల్సుం మణికట్టు పట్టుకుని మెల్లగా తిప్పింది. ఇంకోసారి తిప్పింది. బొటనవేలితో చూపుడువేలిని గబగబా తట్టమంది. కుల్సుం తట్టింది. నాలుగు తట్లకే వేళ్ల మధ్య సందు చిన్నదైపోయింది, ఆరోదానికి వేలు అతుక్కుపోయినట్టు ఆగింది.

అమూల్య పరీక్షాధికారి వైపు తిరిగింది. "మణికట్టు బిగుసుకుపోయి ఉంది. తిప్పుతుంటే మెట్లు మెట్లుగా తగులుతోంది," అని ఇంగ్లీషులో చెప్పి, తప్పు చెప్పానేమోనని చేతిలో కాగితం తిప్పుకుంటూ నిలబడింది.

పరీక్షాధికారి డాక్టర్ శేషుకుమారి. కాకినాడావిడ, అరవై దాటిన మనిషి, ముప్పై ఏళ్లుగా ఆస్ట్రేలియాలో వైద్యం చేస్తున్నారు. పరీక్షలన్నీ అయ్యాక వరండాలో కుల్సుం పక్కన వచ్చి కూర్చుని, మొదటిసారి ఆమెతో తెలుగులో మాట్లాడారు.

"అమ్మా, ఆ చెయ్యి మీరు యాక్ట్ చేశారా?"

"అవునండీ. కాస్త కష్టంగా ఉంటే పిల్లలకు మంచిదని కలిపాను." అబద్ధం అలవోకగా వచ్చేసింది.

"ఎనిమిదేళ్ల నుంచి చూస్తున్నాను మిమ్మల్ని. షీటులో లేనిది ఒక్కటి కూడా చెయ్యరు మీరు." ఆవిడ ఆమె ఎడమ చేతి వైపు చూపించారు. "నడిచేటప్పుడు ఎడమ చెయ్యి ఊగట్లేదు. ముఖం కూడా... ఎన్నాళ్లయింది?"

"ముఖానికేమైంది డాక్టర్ గారూ?"

శేషుకుమారి గారు చెప్పారు. దిగులు వల్ల కాకపోవచ్చని, మెదడులో ఒక రసాయనం తగ్గితే ముఖంలో కండరాలు ఇలా మొద్దుబారతాయని, లోపల ఏమనిపించినా బయటికి రాదని, నరాల డాక్టరు చూడాలని. జబ్బు పేరు మటుకు ఆవిడ పలకలేదు. నెల తర్వాత నరాల డాక్టరు పలికాడు. పార్కిన్సన్స్. తగ్గే జబ్బు కాదు, మందులతో నెట్టుకు రావాలి.

కుల్సుం ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. గోల్డ్ కోస్ట్ నుంచి ఇంకా జవాబు రాలేదు. జబ్బు సంగతి ఒక్కరికి తెలిసినా ఆ వేషం పోయినట్టే. రోజంతా మందులు ఇచ్చే మొగుడిని పెట్టుకుని, రైలెక్కి సిడ్నీలోనే ఉన్న లివర్‌పూల్ అనే పేటకు వెళ్లి, ముక్కూమొహం తెలియని షాపులో తన మాత్రలు తెచ్చుకుని కుట్టుమిషన్ డ్రాయర్లో దాచింది. మాత్ర వేసుకుంటే కడుపులో తిప్పేది. కానీ గంట తర్వాత ముఖం కొంచెం సడలేది. ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు, చెప్పినదానికంటే ఒకటి ఎక్కువే మింగి, పుస్తకాల దొంతికి ఫోన్ ఆనించి, తల్లి సీను మళ్లీ చేసింది. మధ్యలో రెండుసార్లు వాంతికి లేచింది. కనుబొమలు కదిలాయి. పెదవి వణికింది. చూసుకుని నేలమీద కూలబడి ఏడ్చింది. పాతది పక్కన పెట్టి ఇది చూడమని ఏజెంటుకు పంపింది.

పది రోజులకు జవాబు వచ్చింది. చాలా మర్యాదగా రాశారు. పాత రోజుల పట్ల ఎంతో గౌరవం ఉందట, రెండు వీడియోలూ చూశారట, కానీ పాత్రకూ ఆమెకూ మధ్య ఏదో దూరం కనిపించిందట. వేషం వేరే ఆవిడకు ఇచ్చారు.

ఆ సాయంత్రం కాషిఫ్ మెహ్విష్ యూనిఫాం గుండీ కుట్టడానికి సూది కోసం కుట్టుమిషన్ డ్రాయర్ తెరిచాడు. సీసా చేత్తో పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. ఫార్మసిస్టుకి ఒకరు చెప్పాలా.

"ఎవరివి ఇవి?"

"నావే."

"ఎప్పటినించి?"

చెప్పింది. వాసన దగ్గర్నుంచీ అంతా చెప్పింది. కాషిఫ్ కుర్చీలో కూర్చుండిపోయాడు. రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు, భుజాలు కదిలాయి. తర్వాత తలెత్తి అన్నాడు.

"అయితే నా మీద విరక్తి పుట్టలేదన్నమాట. నువ్విక్కడికి వచ్చి తప్పు చేశాననుకుంటున్నావని... రెండేళ్లు నేను..."

ఆ ముఖంలో ఏడుపుతో పాటు తేలిక పడడం కూడా ఉంది. కుల్సుం చూసింది. ముఖాలు చదవడం ఆమెకు బాగా వచ్చు.

"నీకు సంతోషంగా ఉందా కాషిఫ్?"

"ఛ, అది కాదు."

"ఉంది. నాకు కనిపిస్తోంది. నీ ముఖంలో ఉన్నది నాకు కనిపిస్తుంది, నా ముఖంలో నీకేం కనిపించదు, అంతే తేడా."

అతను లేచాడు. సీసా మూత బిగించి, వంటింటి అల్మరాలో కాఫీపొడి పక్కన అందరికీ కనిపించేలా పెట్టాడు.

మెహ్విష్‌కి ఇద్దరూ కలిసి చెప్పారు. పిల్ల శ్రద్ధగా విన్నది. ఇకనుంచి నాకేమనిపిస్తోందో నోటితో చెబుతాను అని కుల్సుం మాట ఇచ్చింది. కొన్నాళ్లు చెప్పింది. "నవ్వుతున్నానమ్మా." "ఇప్పుడు గర్వంగా ఉంది." పన్నెండేళ్ల పిల్లకు అది ఇబ్బంది. "మమ్, యు డోంట్ హావ్ టు అనౌన్స్ ఇట్," అంది ఒకసారి, స్నేహితురాళ్ల ముందు. కుల్సుం మానేసింది.

ఏజెంటు ఒప్పందం ముగిసిపోయింది, మళ్లీ రాసుకోలేదు. వెస్ట్‌మీడ్‌లో రోగి వేషాలు కూడా ఇక కుదరవు. ఏ రోగి వేషం వేసినా ఈ రోగమే పైకి కనిపిస్తుంది. శేషుకుమారి గారు ఫోన్ చేసి, నిజమైన రోగిగా వచ్చి కూర్చుంటారా, పిల్లలు నేర్చుకుంటారు అని అడిగారు. "అది నటన కాదు కదండీ," అని ఫోన్ పెట్టేసింది. నాలుగు నెలలు ఇంట్లో కూర్చుంది. ఐదో నెలలో తనే ఫోన్ చేసింది, ఇంట్లో ఇంకా కూర్చోలేక.

మొదటి రోజు ఆదర్శ్ అనే విద్యార్థి ఎదురుగా కూర్చుని, మణికట్టు తిప్పి, నడిపించి, చివరికి కాగితంలో ఉన్న ప్రశ్న అడిగాడు. ఈ జబ్బులో మీకు అన్నిటికంటే కష్టంగా ఉన్నదేంటి? ఇన్నేళ్లలో ఈ ప్రశ్నకు ఆమె వందసార్లు జవాబు చెప్పింది, ఎవరో రాసిచ్చిన జవాబు. ఇప్పుడు చేతిలో కాగితం లేదు. అతను ఓపిగ్గా చూస్తున్నాడు.

"మా అమ్మాయి ఇదివరకు నా ముఖం చూసి భయపడేది," అంది ఇంగ్లీషులో. "ఇప్పుడు చూడడమే మానేసింది."

అతను అది రాసుకున్నాడు. తర్వాత ఇంకో విద్యార్థి వచ్చాడు. అతనికి వాసన సంగతి చెప్పింది. ఆ తర్వాతి వాళ్లకు చేతిరాత సంగతి చెప్పింది.

తిరుగు రైల్లో నాలుగింటి మాత్ర వేళయింది. పిల్లలు తీయకుండా ఉండేందుకు పెట్టిన మూత, నొక్కి తిప్పాలి. చెయ్యి నొక్కగలదు, లేదా తిప్పగలదు, రెండూ కలిపి చేయలేదు. పక్క సీటులోని ఆవిడను అడగొచ్చు. నోరు రాలేదు. స్టేషను తర్వాత స్టేషను దాటింది. ఎడ్మండ్‌సన్ పార్క్‌లో దిగేసరికి కాళ్లు సిమెంటులో పాతినట్టున్నాయి. ప్లాట్‌ఫాం మీద అలాగే నిలబడిపోయింది, జనం చుట్టూ తిరిగి వెళ్లిపోతున్నారు.

షాపులో పని తెమలక కాషిఫ్ మెహ్విష్‌ని పంపినట్టున్నాడు. బడి బ్యాగుతోనే వచ్చిందా పిల్ల. తల్లి ముఖం వైపు చూడలేదు. చేతిలో సీసా చూసింది, తీసుకుంది, నొక్కి తిప్పి ఒక మాత్ర అరచేతిలో వేసింది.

"యు ఆర్ ట్వంటీ మినిట్స్ లేట్ ఫర్ దిస్," అంటూ తన నీళ్ల బాటిల్ మూత విప్పసాగింది.