గర్నాలాకు మరో దారి

రిటైరవడానికి మూడేళ్ల ముందు, ఒక ఎండాకాలంలో, నన్ను సీనియర్ ఇంజనీరుగా సూరత్‌కు వేశారు. భారీ వానలొస్తే ఆ చుట్టుపక్కల రోడ్లు, వంతెనలు ఏ మేరకు తట్టుకుంటాయో అంచనా కట్టడం నా పని. మాది కాకినాడ, వరద నాకు కొత్త కాదు. ఆ ధీమాయే కొంప ముంచింది.

ఒక్కో కట్టడానికి ఒక్కో ఫారం. ముఖ్యమైన ప్రశ్నలు మూడు: నీళ్లు చేరతాయా, చేరితే ఎంతసేపు నిలుస్తాయి, ఆ దారి మూసుకుపోతే మరో దారి ఉందా. ఉధ్నా దగ్గర రైలు పట్టాల కింద నుంచి పోయే ఒక ఇరుకు దారి నా జాబితాలో ఉంది. అలాంటిదాన్ని అక్కడ గర్నాలా అంటారు. రద్దీ లెక్కలో మాకు కారు ఒకటి, బస్సు మూడు, స్కూటరు అర. నడిచే మనిషికి అంకె లేదు. కొంత దూరంలో పట్టాల మీద ఉన్న పైవంతెన మీదుగా చుట్టు తిరిగితే అవతలికి చేరవచ్చు కాబట్టి 'మరో దారి ఉంది' అని రాసి, గర్నాలాను మధ్యస్థ ప్రమాదం కింద వేశాను. ఎక్కువ ప్రమాదం ఉన్నవాటికే ముందుగా పనులు మంజూరవుతాయి.

గోడ మీద పాత నీటి మరకను టేపుతో కొలుస్తూ ఫోన్లో ఇంటితో మాట్లాడుతుంటే, నా తెలుగు విని ఒకతను ఆగాడు. పేరు మల్లేశం. సిరిసిల్ల వైపువాడు, పట్టాలకు ఒకవైపు వడోద్‌లో గది, రెండోవైపు ఉధ్నాలో సాంచెల మీద పని. సాంచె అంటే మరమగ్గం. నా టేపు చూసి నవ్వి, తన కొలత చెప్పాడు.

"మోకాళ్ల దాక అయితే పోతం సార్. నడుము దాక అయితే టిఫిన్ డబ్బ నెత్తిన పెట్టుకొని పోతం. గంతకు మించితే నాగానే. నాగాలెక్కువైతే నా సాంచెలు ఇంకొగనికి ఇస్తడు సేఠ్."

పైవంతెన ఉందిగా అన్నాను.

"అది బండ్లకు సార్. పన్నెండు గంటలు నిలబడ్డ కాళ్లు గంత సుట్టు ఎట్ల తిరుగుతయ్? ఒక్కసారి జర నడిసి సూడుండ్రి."

చూస్తానన్నాను. ఎండ మండిపోతోంది, కారుంది, నడవలేదు. ఫారం అలాగే పైకి పోయింది. అయినా ప్రతి శనివారం గర్నాలా పక్క టీ కొట్టుకి వెళ్లేవాణ్ణి. నిజం చెప్పాలంటే పనికి కాదు, తెలుగు వినడానికి. "ఏంది సార్, కొలుసుడు అయిందా?" అంటూ మల్లేశం వచ్చేవాడు. అతని తెలుగు మా వైపుది కాదు, అయినా వారానికది సరిపోయేది.

ఆ వానాకాలం గర్నాలా వరుసగా మూడు రోజులు నిండిపోయింది. తర్వాతి శనివారం మల్లేశం రాలేదు. వడోద్ వెళ్లి గది వెతికి పట్టుకున్నాను. అతనితో ఉండే మనిషి తలుపు దగ్గరే నిలబడి చెప్పాడు: "మూడు నాగాలైనయ్ సార్. సాంచెలు వేరేటోనికి ఇచ్చిండు సేఠ్. అన్న ఊరికి పోయిండు."

ఆ రోజే అక్కణ్ణుంచి పైవంతెన మీదుగా ఉధ్నా దాకా నడిచాను. గంటన్నర పట్టింది. వంతెన మీద కాలిబాట లేదు, లారీలు భుజం రాసుకుంటూ పోయాయి. సోమవారం గర్నాలా దగ్గర నిలబడి తలలు లెక్కపెట్టించాను. మా పైఅధికారి, ఫారంలో పాదచారులకు గడి లేదన్నారు. గీసుకుందామన్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే, అయినా పట్టుకున్నాను. గర్నాలా ఎక్కువ ప్రమాదం జాబితాకి మారింది. నేను రిటైరయ్యేలోపు అక్కడ పంపు, గోడ వెంబడి నడుమెత్తున కాలిబాట వచ్చాయి.

ఇక్కడ కాకినాడలో వాన పడితే ఆ టీ కొట్టు గుర్తొస్తుంది, ఆ గొంతు వినాలనిపిస్తుంది. మల్లేశం ఆ కాలిబాట మీద, టిఫిన్ డబ్బా నెత్తిన కాక చేత్తో పట్టుకుని నడుస్తుంటే చూడాలని ఉంది. అతను మళ్లీ సూరత్ రాలేదు. నేను నేర్చుకున్నది ఇంతే: 'మరో దారి ఉంది' అని రాసేవాడు ముందు ఆ దారిన నడిచి రావాలి.