గిర్ని మొగిలమ్మ కోసిన పట్టా

వాన పడితే చాలు, తడిబట్టలు చంకన పెట్టుకుని ఫౌజియా వాళ్ల మెట్లెక్కుతారు. ఆ డ్రయర్ తిరుగుతుంటే ముందు కూర్చుని టీలు తాగుతారు. తిరిగిన ప్రతిసారీ టక్కుమంటోందని, చెవులు పోతున్నాయని మూతులు తిప్పుతారు. ఆ టక్కు ఎక్కడ నుంచి వచ్చింది, ఎవరి చేతిది అని మీలో ఒక్కరైనా అడిగారా? ఊరవతల ఎవరింట్లో ఏం వండుకున్నారో సెల్లులో చూసి చెప్తారు. మీ గల్లీలోనే బతికిన మనిషి సంగతి మాత్రం మీకు పట్టదు. సరే, అడగకపోయినా చెప్పక తప్పదు. ఆ సెల్లు పక్కన పెట్టి వినండి.

ఆమె పేరు మొగిలమ్మ. హసన్‌పర్తి బస్‌స్టాప్ వెనక గల్లీలో పిండి గిర్ని ఆమెదే. పెనిమిటి ఉప్పలయ్య పోయేనాటికి ఆమెకు ముప్పై మూడేళ్లు. ఆడమనిషి గిర్ని ఏం నడుపుతుందిలే అని నలుగురూ నవ్వారు. వాళ్ల జొన్నలు, వాళ్ల మిరపకాయలు, వాళ్ల పసుపుకొమ్ములు ముప్పై ఒక్క సంవత్సరాలు ఆమే పట్టి ఇచ్చింది. నవ్విన వాళ్ల పిండిలో కాస్త రాయి పడినా బాగుండేది. పడనిచ్చేది కాదు, అదీ ఆమె తీరు. తలకు ఒక తెల్లగుడ్డ కట్టుకునేది. నిజానికి అది ఎర్రగుడ్డ. పిండి పట్టి పట్టి తెల్లబడింది.

గిర్నిలో ఆమె చూపంతా పట్టా మీదే ఉండేది. మోటారు తిరుగుడును రాళ్ల దాకా మోసుకుపోయే బెల్టునే పట్టా అంటారు. దాన్ని చుట్టలా కొనుక్కొచ్చి, కావలసినంత కొలిచి, కత్తితో కోసి, చక్రాల మీద వేసి, రెండు కొసలూ కలిపి కుట్టాలి. కుట్టు లేని పట్టా ఉంటుందని మొగిలమ్మకు అప్పటికి తెలియదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ముందు పని పడుతుంది.

కొత్తగా కుట్టిన పట్టా వేసిన రోజు ఊరివాళ్ల గింజలు ముట్టేది కాదు. ముందు తన ఇంటి జొన్నలు ఒక గిన్నెడు పోసి ఆడించేది. పట్టా తెగినా రాయి జారినా తన గింజలే పాడవ్వాలి గాని, నమ్మి తెచ్చిచ్చిన వాళ్లవి పాడవకూడదని.

తర్వాత జనం ప్యాకెట్ల పిండికి మరిగారు. ఆమె అరవై నాలుగో ఏట గిర్ని మూతపడింది. కింద ఆమె, పైవాటా ఖాళీ. అద్దెకు వచ్చిన వాళ్లెవరూ ఆమె నోటికి ఆరునెలలు ఆగలేదు. ఆగినది ఫౌజియా ఒక్కతే. ఆమె మొగుడు ఇజాజ్ ట్రాలీ ఆటో నడిపేవాడు. ఇల్లు మారే వాళ్ల సామాన్లు చేరవేసేవాడు. ఆ పిల్లకు కవలలు పుట్టారు, ఇద్దరూ ఆడపిల్లలే. అప్పటికి మొగిలమ్మకు అరవై తొమ్మిది. రోజూ పొద్దున్నే కాళ్లు చాపుకుని కూర్చుని, పిల్లలను ఒకరి తర్వాత ఒకరిని కాళ్ల మీద పడుకోబెట్టుకుని, నూనె రాసి, సున్నిపిండి రుద్ది స్నానం పోసేది. ఆ సున్నిపిండి కూడా తనే తిరగలిలో విసిరేది. గిర్ని మూతపడ్డాక ఆమె చేతులకు పని దొరికింది మళ్లీ అప్పుడే.

ఆ డ్రయర్ ఇజాజ్ తెచ్చిందే. హనుమకొండలో ఒక డాక్టరమ్మ ఇల్లు మారుతూ, కవలలున్నారని తెలిసి, తీసుకుపో అని ఇచ్చేసింది. అది ఉతికేది కాదు, పిండేది కాదు. లోపలి డబ్బాలో తడిబట్టలు వేస్తే వేడిగాలిలో తిప్పి తిప్పి ఎండబెడుతుంది. ఆ ఏడు ముసురు పట్టి వారం దాకా సూర్యుడు కనపడకపోతే, పిల్లల గుడ్డలన్నిటికీ ఎండంటే అదే.

సరిగ్గా అప్పుడే, ఒక సోమవారం, అది ఆగిపోయింది.

"పెద్దమ్మా, జర పైకి రా! మిషన్ గుర్రుమంటాంది గని లోపల డబ్బా తిరుగుతలేదు. మోటర్ కాలిపోయినట్టున్నది!"

మొగిలమ్మ మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కింది. మిషన్ మీద చెవి ఆనించింది. లోపల చెయ్యి పెట్టి డబ్బాను తిప్పింది. అది అడ్డూ ఆపూ లేకుండా తిరిగింది.

"కాలితే కంపు రాదా? మోటర్ మంచిగనే ఉన్నది బిడ్డా. పట్టా తెగింది."

"చూడకుంటనే చెప్తున్నవా?"

"నేనేమన్న నిన్న మొన్న చూసిన్నా పట్టాలను? విప్పి చూడు, కాదంటే నా చెవులు కోసియ్యి."

చెవులు దక్కాయి. పై మూత తీస్తే డబ్బా కింద పాముకుబుసంలా పట్టా పడి ఉంది. అరిగి అరిగి అంచులు పీచు తేలాయి. ఇజాజ్ హనుమకొండకు పోయి, మెకానిక్ ఓంప్రకాశ్ దగ్గర కొత్త పట్టా తెచ్చాడు. ఆ కొలతది ఉన్నది అదొక్కటే. బిగించడానికి మాత్రం ఆదివారం దాకా రాలేనన్నాడు ఓంప్రకాశ్. వానలకు ఊళ్లో మిషన్లన్నీ ఒక్కసారే మొరాయించాయట. నేను బిగిస్తాలే అన్న ఇజాజ్ సామాను వేసుకుని ఏటూరునాగారం పోయాడు. వాగు పొంగి తోవ బందయింది, అక్కడే చిక్కుకున్నాడు.

బుధవారం ఫౌజియా అత్త ఫాతిమా బేగం ఫోన్ చేసింది.

"జుమ్మా నాడు నమాజ్ అయినంక ఆటో తీస్కొని వస్తాన. పసిపిల్లలను తడిగుడ్డలల్ల పండబెట్టుడేంది? మూట కట్టి పెట్టు, హనుమకొండల మన ఇంట్ల ఉందురు గని."

"గుడ్డలు ఎండుతానయి అత్తమ్మా..."

"ఎండుతానయా? శుక్రారం వచ్చి నా చేతితోని పట్టి చూస్త. ఎండితే ఉండు. లేకుంటే నడువు."

ఫోన్ పెట్టేసి ఫౌజియా మెట్ల మీద కూలబడింది.

"ఏమాయె? మీ అత్త మంచిదేనాయె."

"మంచిదే పెద్దమ్మా. అదే ఫికర్. మా పెద్ద తోటికోడలు గిట్లనే వారం ఉండొస్తనని పోయింది. రెండేండ్లాయె. మా అత్త మంచితనానికి ఇంకా అక్కడనే ఉన్నది. పదకొండు మంది ఒక్క ఇంట్ల. గిప్పుడిప్పుడే నా ఇల్లు అనుకుంటాన."

మొగిలమ్మ తన కాళ్ల వైపు చూసుకుంది. రేపు పొద్దున ఆ కాళ్ల మీద ఎవరుంటారు? పైకి మాత్రం, "గంతేనా? గీ చిన్న పట్టా వెయ్యరాదా నాకు? రేపు పొద్దుగూకేవరకు తిప్పిచ్చి చూపెడ్త," అంది.

గురువారం ఫౌజియా పిల్లలకు పాలివ్వడానికి లోపలికి పోయింది. మొగిలమ్మ మిషన్ ముందు కూర్చుని కొత్త పట్టా విప్పింది. సన్నటిది, నల్లటిది, ఒకవైపు గాడులున్నాయి. గుండ్రంగా, ఎక్కడా కొస లేకుండా ఉంది. అటు తిప్పి చూసింది, ఇటు తిప్పి చూసింది. డబ్బా చూస్తే పెట్టె నిండా ఉంది. తెగని పట్టా లోపలికి ఎట్లా పోతుంది? కంపెనీవాడు కోయడం మరిచిపోయాడనుకుంది. పాపం, వాడి పని కూడా తానే చేసిపెడదామనుకుంది. వంటింట్లోంచి కత్తి తెచ్చి, సాపుగా, ఒక్క దెబ్బకు కోసింది.

పై నుంచి పట్టాను డబ్బా చుట్టూ దింపింది కూడా. అక్కడితో సరి. కింద మోటారు దగ్గరికి చెయ్యి పోదు, కుట్టడానికి సందు లేదు. ఆమె అట్లా మోచేతి దాకా మిషన్‌లో దిగబడి ఉండగా ఫౌజియా సెల్లు పట్టుకుని వచ్చింది.

"పెద్దమ్మా, వీడియో దొరికింది! ముందర రేకు విప్పాల్నట. డబ్బా మొత్తం బయటికి వస్తదట. చేతికి గాజు తొడిగినట్టు పట్టాను దానికి తొడుగుడేనట..."

అప్పుడు చూసింది, కత్తిని.

"పెద్దమ్మా... కోసినవా?"

మొగిలమ్మ మిషన్‌లోంచి చెయ్యి బయటికి తీసింది. ఉప్పలయ్య పోయిన నాడు కూడా పదిమందిని తిట్టి పని చేయించిన మనిషి. ఆ పూట మాత్రం ఆ పట్టా కొసలు రెండూ చేతిలో పట్టుకుని కూర్చుండిపోయింది. ముప్పై ఒక్క సంవత్సరాల్లో ఒకరి గింజ పాడుచేయలేదు. ఇప్పుడు పసిపిల్లల ఎండను కత్తి పెట్టి కోసింది.

ఫౌజియా అరుస్తుందనుకుంది. ఆ పిల్ల పక్కన కూర్చుని కిసుక్కున నవ్వింది.

"డాక్టరమ్మ కూడ గింత సాపుగ కోయదు పెద్దమ్మా."

"నవ్వకు. ఏడుపొస్తాంది నాకు."

"మరి గిర్నిల తెగితే ఏం చేస్తుంటివి?"

"ఏం జేస్త? కుడ్త."

అన్నాక, అన్న మాట తన చెవికే వినబడింది. లేచింది.

బస్‌స్టాప్ దగ్గర కవరు కప్పుకుని చెప్పులు కుట్టే కొమురెల్లి ఉండేవాడు. గిర్ని పట్టాలు ముప్పై ఏళ్లు కుట్టిన చెయ్యి అతనిది. వానలో అతన్ని గొడుగు కింద నడిపించుకుని తెచ్చింది. అతను పట్టా పట్టుకుని చూసి ముఖం చిట్లించాడు.

"ఇది పట్టానా, నవారునా? గిర్ని పట్టా అరచేతి వెడల్పు ఉంటుండె."

"నీకు చేతనైతదా కాదా అది చెప్పు."

"అయితది గని, కొస మీద కొస పెడితే లావైతది గదనే. మోటర్ చక్రం బొటనవేలంత ఉన్నది, దాని మీద ఎక్కది."

"కొసలు రెండూ వాలుగ చెక్కు. ఇటుది సన్నం, అటుది సన్నం. ఒకదాని మీద ఒకటి పండితే ఒక్కటే మందం ఉండాలె. గాడులు లోపలికి. పంచర్ షాపు సొల్యూషన్ పుయ్యి, నైలాన్ దారం పెట్టి కుట్టు. ఆగు! అప్పుడే సూది గుచ్చకు."

కొమురెల్లి సూది గాలిలో ఆగింది.

"బిడ్డా, నీ డబ్బా ఎటు తిరుగుతది?" అని ఫౌజియాను అడిగింది. అతుకు పై కొస పరుగుకు ఎదురుగా ఉంటే చక్రం దాన్ని లేపి చింపేస్తుంది. పరుగు వెంబడే వంగి ఉంటే, దువ్విన జుట్టులా అణిగి పోతుంది. గిర్నిలో ఇది తెలియనివాడు రోజుకో పట్టా కుట్టుకోవాల్సిందే.

ఫౌజియా కళ్లు మూసుకుంది. "చిన్నదాని ఎర్ర గౌను... ఎడమ దిక్కు నుంచి పైకి పోయి, కుడి దిక్కు పడుతుండె."

"ఖాయమేనా?"

"రోజూ గా మిషన్ తలుపు అద్దం ముందటనే కూసొని పాలిస్తాన పెద్దమ్మా. నాకెరుక లేదా?"

"ఇగ కుట్టు," అంది మొగిలమ్మ.

శుక్రవారం మధ్యాహ్నం ఫాతిమా బేగం వచ్చేసరికి గదినిండా మరలు, ముందు రేకు ఒక గోడకు, పై మూత ఇంకో గోడకు, నడుమ గాబులాంటి డబ్బా. దాని చుట్టూ ఇద్దరు ఆడవాళ్లు. ఫాతిమా బేగం వానకు తడిసి ముద్దయి ఉంది.

"యా అల్లా! ఇల్లా ఇది, వర్క్‌షాపా? ఫౌజియా, మూట ఏది? ఆటో కింద ఆగి ఉన్నది."

"జర ఆగు ఫాతిమక్కా," అంది మొగిలమ్మ, డబ్బాను మోకాలితో ఎత్తిపట్టి. "నీ ఆటో ఎటు పోదు. బిడ్డా, పట్టాను చిన్నచక్రం కింది నుంచి తీసి మోటర్‌కు తొడుగు. ఆఁ, గట్లనే. గాడులు డబ్బా దిక్కే ఉన్నయా?"

"ఉన్నయి పెద్దమ్మా."

"ముసలిదానివి, నీకెందుకమ్మా ఈ కరెంటు పని?" అంది ఫాతిమా బేగం.

"నువ్వు గూడ నా ఈడుదానివే గని, ఆ స్టార్ స్క్రూడ్రైవర్ అందియ్యి."

ఫాతిమా బేగానికి ఆ రోజు దాకా ఎవరూ పని చెప్పలేదు. ఆశ్చర్యంలో అందించేసింది. ముందు రేకు ఎక్కింది, మరలు బిగిశాయి. ఫౌజియా ప్లగ్గు పెట్టి, ఉరుకుతూ పోయి పిల్లల గుడ్డల బుట్ట తెచ్చింది. మొగిలమ్మ అడ్డం నిలబడింది.

"పిల్లలయి కాదు. ముందుగాల నాది."

తలగుడ్డ విప్పి, బకెట్లో ముంచి, గట్టిగా పిండి, మిషన్ లోపల వేసింది. బటన్ నొక్కమంది. గుర్రుమంది. డబ్బా ఒక్కసారి ఊగింది. తర్వాత తిరిగింది. టక్. ఇంకోసారి. టక్. ముగ్గురూ తలుపు అద్దం దగ్గరికి వంగారు. టక్, టక్, టక్. తలగుడ్డ ఎడమ నుంచి పైకి పోయి కుడివైపు పడింది, ఫౌజియా చెప్పినట్టే.

"గా చప్పుడేంది?" అంది ఫాతిమా బేగం.

"కుట్టక్కా. చక్రం మీదికెళ్లి పోయినప్పుడల్లా సలాం కొడుతాంది."

అరగంటకు తలుపు తీస్తే తలగుడ్డ పొయ్యి మీది రొట్టెలా వేడిగా ఉంది. ముప్పై ఏళ్ల పిండి పోయి, ఎర్రరంగు బయటపడింది. ఫాతిమా బేగం అన్నమాట ప్రకారం చేత్తో పట్టి చూసింది. చెంపకు ఆనించుకుంది.  తర్వాత తడిసిన తన దుపట్టా తీసి మొగిలమ్మ చేతిలో పెట్టింది.

"నాది గూడ వెయ్యి. పిల్లలయి దాని తర్వాత."

కింద ఆటోవాడు హారన్ కొట్టాడు. ఫాతిమా బేగం కిటికీలోంచి తొంగి చూసి, "నువ్వు పోవయ్యా!" అని అరిచింది. కోడలిని తీసుకుపోవడానికి వచ్చిన మనిషి నాలుగు రోజులు తానే అక్కడ ఉండిపోయింది. పొద్దున ఒక పిల్ల మొగిలమ్మ కాళ్ల మీద, ఇంకో పిల్ల ఫాతిమా బేగం కాళ్ల మీద. నీళ్లు ఎవరు బాగా పోస్తారని ఇద్దరూ రోజంతా కొట్లాడుకునేవాళ్లు.

వాగు తగ్గాక ఇజాజ్ వచ్చాడు. సంగతి విని, నెల తిరగకుండా ఇంకో కొత్త పట్టా సంపాదించి తెచ్చాడు. మొగిలమ్మ దాన్ని మిషన్ పక్క మేకుకు తగిలించి, "కుట్టింది తెగిననాడు చూద్దాం," అంది. అది ఇప్పటికీ ఆ మేకుకే ఉంది, కావాలంటే పోయి చూడండి. కవలలు నడక నేర్చింది ఆ టక్ టక్ తోనే. ఒక టక్కుకు ఒక అడుగు. ఫౌజియా ఇప్పటికీ పైవాటాలోనే ఉంది. ఆ ఎర్ర తలగుడ్డను కవలలు బొమ్మకు చీర కడతారు.

మీకు ఆ చప్పుడు నచ్చకపోతే, ఆ మెట్లెక్కకండి. బట్టలు తడిగానే కట్టుకోండి.

మొగిలమ్మ చనిపోయేనాటికి ఆమె వయసు డెబ్బై ఒకటి.