రఫూ అక్క కళ్ళు

మా కొట్లో ఆవిణ్ణి అందరూ రఫూ అక్క అనేవాళ్ళు. వయసులో బాగా పెద్దవాణ్ణయినా నేనూ అక్కా అనే పిలిచేవాణ్ణి. ఆవిడ నన్ను మాస్టరుగారూ అనేది. నేను ప్యాంట్లు, కోట్లు కత్తిరిస్తాను. నాకు ముక్కు మీదే కోపం అని వీధంతా తెలుసు. ఈ సంగతి చెప్పేటప్పుడు ఆ కోపం ఇంకాస్త ఎక్కువవుతుంది, కాబట్టి సర్దుకుపోండి.

రఫూ అంటే ఏమిటో చెప్పాలి ముందు. సిగరెట్టు నిప్పు పడి మీ కోటుకి చిల్లు పడిందనుకోండి. అదే కోటు లోపలి మడతలోంచి పోగులు లాగి, ముందు పడుగు, తర్వాత పేక, ఒక్కొక్క పోగూ సూదితో ఎక్కించి, ఆ చిల్లున్న చోట మళ్ళీ గుడ్డ నేయాలి. పని కుదిరితే చిల్లు ఎక్కడుండేదో కోటు గలవాడికి కూడా తెలియకూడదు. ఒకాయనైతే "ఇది నా కోటు కాదు, నాది మార్చేశారు" అని కౌంటరు దగ్గర నానా రభస చేశాడు. అక్క లోపల్నుంచి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతూనే ఉంది. అంతకన్నా పెద్ద మెచ్చుకోలు ఆవిడకి ఇంకోటి లేదు.

ఆవిడవి సోడాబుడ్డి కళ్ళద్దాలు. మైనస్ తొమ్మిదో ఏదో అనేది. చిన్నప్పుడు బళ్ళో ఆవిడ పేరే సోడాబుడ్డట. ఆ అద్దాల వెనక కళ్ళు రెండు బటాణీ గింజల్లా ఉండేవి. అవి పెట్టుకున్నా రోడ్డవతల ఎవరో మనిషి ఉన్నాడని తెలిసేది గానీ మొహం పోల్చుకోలేకపోయేది. తెలిసినవాళ్ళు చెయ్యూపితే ఈవిడ చూడకుండా వెళ్ళిపోవడం, వాళ్ళు "దీనికి కళ్ళు నెత్తికెక్కాయి" అనుకోవడం మామూలే.

కానీ పనిలో కూర్చుంటే ముందు ఆ కళ్ళజోడు తీసేసేది. జుట్టులోకి దోపుకుని, గుడ్డని ముక్కుకి ఆనించినంత దగ్గరగా పట్టుకునేది. అంత దగ్గర్లో ఆవిడకి పోగు తాడంత లావుగా కనబడేదట. నల్ల గుడ్డ మీద నల్ల పోగు, పట్టపగలు కిటికీ దగ్గర కూర్చున్నా నాకు ఏదేదో తెలిసేది కాదు. ఆవిడ మసక వెలుతురులో కూడా లెక్కపెట్టేసేది. దూరం చూడలేని ఆ కళ్ళే ఆవిడ పనిముట్లు. ఈ ముక్క మీరు గుర్తుంచుకోవాలి, ఎందుకంటే తర్వాత ఎవరికీ గుర్తు రాలేదు.

వచ్చినవాళ్ళు ఊరుకుంటారా? "ఏంటమ్మా, గుడ్డ వాసన చూస్తున్నావా?" అనేవాళ్ళు. "కుక్కపిల్లకి కూడా నేర్పొచ్చులే ఈ పని" అన్నాడొకడు. వాడి ప్యాంటు నేను కావాలనే కాస్త పొట్టిగా కత్తిరించాను. అక్క పైకి నవ్వింది గానీ ఆ మర్నాడే ఓనరుని అడిగి తన మూలకి తెర కట్టించుకుంది. అప్పట్నుంచి ఆవిడ పని చేస్తూ ఉండగా చూసింది నేనొక్కణ్ణే, నా బల్ల తెర పక్కనే, సందులోంచి లోపలికి కనబడేలా ఉండబట్టి. ఇంటికి పని తీసుకెళ్ళేది కాదు. ఆవిడ ఉండేది చెల్లెలి ఇంట్లో. అక్క సూది పట్టుకుని ఎలా కూర్చుంటుందో సొంత చెల్లెలు కూడా ఎప్పుడూ చూడలేదు.

ఒకరోజు సాయంత్రం బస్టాండులో తోపులాటలో కళ్ళజోడు కిందపడింది. ఎవడో తొక్కుకుంటూ పోయాడు. ఏ బస్సు ఏదో తెలియక, కనబడ్డ ప్రతి మసకనీ "ఇది ఎటు పోతుందండీ" అని అడుగుతూ నిలబడిందట. ఒకావిడ గుడ్డిదనుకుని చేతిలో చిల్లర పెట్టి వెళ్ళింది. అది చెబుతున్నప్పుడు అక్క నవ్వడానికి ప్రయత్నించింది, కుదరలేదు. "తల కొట్టేసినట్టయింది మాస్టరుగారూ" అంది.

చెల్లెలు అప్పటికే కళ్ళజోడు అక్కర్లేకుండా కళ్ళకి లేజర్ ఆపరేషన్ చేయించుకుని ఉంది. ఆ పిల్లది వయసూ చిన్నది, పవరూ తక్కువ. పొద్దున్న లేవగానే గోడ గడియారం కనబడిందని వచ్చినవాళ్ళందరికీ చెప్పి చెప్పి చంపేది. అక్క మీద ప్రేమ లేక కాదు, ఎంతో ఉంది, అందుకే పట్టుబట్టి తీసుకెళ్ళింది. పరీక్షలన్నీ చేసి ఆపరేషన్‌కి పనికొస్తుందన్నారు.

అక్కడ జరిగింది నాకు అక్కే చెప్పింది, ఒకసారి కాదు, చాలాసార్లు. డాక్టరు తొందరపడే మనిషేం కాదు. కూర్చోబెట్టి అడిగాడట.

"ఏం పని చేస్తారమ్మా?"

"కుట్టుపనండీ" అంది చెల్లెలు.

"పనికి కళ్ళజోడు పెట్టుకుంటారా, తీసేస్తారా?"

"పొద్దున్న లేచిన దగ్గర్నుంచి దానికి కళ్ళజోడు లేందే గడవదండీ" అని మళ్ళీ చెల్లెలే అంది.

అక్క నోరు విప్పలేదు. నేను తీసేస్తాను, ముక్కు ఆనించి చేస్తాను అని తెల్లకోటు వేసుకున్న మనిషి ముందు చెప్పడానికి సిగ్గేసిందట. ఆ గదికి తెర లేదు మరి.

డాక్టరు ఇంకో మాట కూడా అన్నాడు. "నలభై దాటాయి కదా, రెండు కళ్ళూ దూరానికి సరిచేస్తే దగ్గరివి సరిగా కనబడవు, చదవడానికి కళ్ళజోడు పడుతుంది. కావాలంటే ఒక కన్ను కొంచెం దగ్గర చూపుకే వదిలేద్దాం. పూర్తిగా సరిచేయకుండా."

అప్పుడు మాత్రం అక్క నోరు తెరిచింది. "సగం పనెందుకండీ? చేసేదేదో పూర్తిగా చేసేయండి. ఎక్కడా తేడా తెలియకూడదు."

చూశారా! బతుకంతా చిల్లు పూడ్చిన మనిషి, తన కంటిని కూడా చిల్లనే అనుకుంది. సగం పూడ్చిన చిల్లు ఆవిడ చేతి కింద నుంచి ఏనాడూ బయటికి పోలేదు. రఫూ పని చేసే మనిషి తప్ప ఇంకెవరూ ఆ జవాబు చెప్పరు. ఆ డాక్టరు ఏమనుకున్నాడో, రోగికి పట్టుదల ఉందని మెచ్చుకునే ఉంటాడు.

ఆపరేషన్ గురించి అక్క భలేగా చెప్పేది. చుక్కలు వేశారట, కన్ను మొద్దుబారిందట. రెప్పలు మూసుకోకుండా ఏదో కొక్కెం పెట్టారట. ఎర్ర దీపం వైపే చూడమన్నారు, కాసేపటికి ఆ దీపం కూడా పోయి అంతా చీకటైంది. కంటి మీద పొరని జేబు మూతలా తెరిచి, లోపల లేజర్‌తో సరిచేసి, మళ్ళీ మూసేశారు. ఉన్ని గుడ్డ మీద ఇస్త్రీపెట్టె మర్చిపోతే వస్తుందే, ఆ కమురు వాసన వచ్చిందట. "దానికి కుట్టు వేయరా అండీ?" అని అడిగితే "అక్కర్లేదమ్మా, అదే అతుక్కుంటుంది" అన్నారట. అదీ ఆవిడకి బాగా నచ్చిన ముక్క. కుట్టు లేదు, ముడి లేదు, మచ్చ లేదు అని ఇస్త్రీ చేసేవాడి దగ్గర్నుంచి ఓనరు దాకా అందరికీ చెప్పింది.

వారం తిరక్కుండానే కొట్టుకి వచ్చింది. కళ్ళజోడు లేని ఆ మొహం మాకు కొత్త. ముక్కుకి రెండు వైపులా కళ్ళజోడు నొక్కిన గుంటలు అలాగే ఉన్నాయి. గుమ్మంలో నిలబడి ఎదురువరసలో బోర్డులన్నీ గట్టిగా చదివింది. మందుల షాపు మీద చిన్నక్షరాలు కూడా వదల్లేదు. "చాల్లే, ఆపు తల్లీ, చెవులు పోతున్నాయి" అన్నాను. నాకూ సంతోషంగానే ఉంది, ఎందుకు అబద్ధం చెప్పాలి?

"నా మొహం ఇన్నాళ్ళకి చూసుకున్నాను మాస్టరుగారూ" అంది మెల్లగా. "కళ్ళజోడు తీస్తే మొహం కనబడేది కాదు, పెట్టుకుంటే కళ్ళజోడే కనబడేది. నాకు మా అమ్మ పోలికలున్నాయండీ. ఎవ్వరూ చెప్పలేదు."

తర్వాత తెర లోపలికి వెళ్ళింది. ఎవరిదో బూడిదరంగు కోటు, మోచేతి దగ్గర చిల్లు. అలవాటుగా చెయ్యి కళ్ళజోడు తీయడానికి కణత దగ్గరికి వెళ్ళింది, అక్కడేం లేదు. తనలో తను నవ్వుకుని గుడ్డని ముక్కు దగ్గరికి తెచ్చుకుంది. నేను కత్తెర పట్టుకుని అటే చూస్తున్నాను. దగ్గరికి తెచ్చింది, కొంచెం దూరం జరిపింది, మళ్ళీ దగ్గరికి తెచ్చింది. చెయ్యి పూర్తిగా చాపి చూసింది. అక్కడ గుడ్డ కనబడుతుంది గానీ పోగు కనబడదు.

"మాస్టరుగారూ, దీపం వేశారా?"

దీపం వెలుగుతూనే ఉంది.

మొదట చదువుకునే కళ్ళజోడు కొనుక్కుంది, పల్చటిది. పేపరు చదవడానికి పనికొచ్చింది, పోగుకి కాదు. తర్వాత భూతద్దం దీపం ఒకటి తెచ్చి బల్లకి బిగించింది. దాని కింద సూది ఒక చోట ఉన్నట్టు కనబడితే చెయ్యి ఇంకో చోట తగిలేది, వేళ్ళకి పొడుచుకునేది. చివరికి కళ్ళజోళ్ళవాడి చేత బాగా లావు అద్దాలు చేయించుకుంది, పాతవాటికన్నా లావు. పాత చూపు మళ్ళీ వచ్చినట్టే వచ్చింది. కానీ ప్రతి పోగు పక్కనా దాని నీడ ఇంకోటి కనబడేదట. ఏది పోగో ఏది నీడో తెలియక, లేని పోగు మీద నుంచి సూది దింపేది. పైగా కళ్ళల్లో ఇసుక పోసినట్టు పొడిబారి మండటం. చుక్కలు వేసుకుని, కళ్ళు మూసుకుని గోడకి ఆనుకుని కూర్చునేది. ఆ కూర్చోవడం చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది. ఎవరి మీద మండాలో తెలియకపోవడం ఇంకో మంట.

డాక్టరు దగ్గరికి మళ్ళీ వెళ్ళింది. గోడ మీద అక్షరాలు చివరి వరస దాకా గడగడా చదివేసింది. ఆయన చాలా సంతోషించాడట. నీడల గురించి చెబితే, పవరు ఎక్కువున్నవాళ్ళకి కొందరికి అలా ఉంటుంది, టైము పడుతుంది, చుక్కలు మానొద్దు అన్నాడు. అప్పుడు చెప్పిందట, ముక్కు ఆనించి పని చేసే సంగతి. ఆయన చేతిలో పెన్ను కింద పెట్టేశాడట. "అది ముందే చెప్పాల్సిందమ్మా" అన్నాడు. కొట్టుకొచ్చి ఆ మాట చెప్పి, "ఆయన తప్పేం లేదు" అంది. ఎవరి తప్పూ లేకుండా ఒక మనిషి చెయ్యి ఎలా పడిపోతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇంట్లో చెల్లెలు ఏడ్చి గోల పెట్టింది, దాన్ని ఊరుకోబెట్టడం కూడా అక్క పనే అయింది. కొట్టుకొచ్చే రఫూలు మెల్లగా వేరే చోటికి పోయాయి. నేను గుండీలు, అంచు మడతలు ఆవిడ బల్ల మీద పెట్టేవాణ్ణి. చేసి ఇచ్చేది. ఒకరోజు ఎవరో గుమ్మంలో నిలబడి "అక్కా, కళ్ళజోడు లేకుండా ఎంత బాగున్నావో!" అన్నారు. "ఆ, అంతా బాగుందమ్మా" అంది, గుండీ కుడుతూ.

అలాంటి రోజుల్లో ఒకావిడ వచ్చింది. నడివయసు మనిషి, చేతిలో సంచి, సంచిలో మగవాళ్ళ ఉన్ని కోటు, నల్లది. గుండెల మీద పురుగు కొట్టి చిల్లు పడింది. "ఆయన పోయాక పెట్టెలో దాచానండీ. తీసి చూస్తే ఇలా ఉంది. ఇక్కడ రఫూ అక్క అని ఒకావిడ ఉందట కదా, చిల్లున్న చోటు కూడా తెలియదట" అంది.

నేను లేదని చెప్పబోయాను. తెర వెనక నుంచి అక్క బయటికొచ్చి కోటు అందుకుంది.

"నల్లది వద్దు అక్కా, నా మాట విను" అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను.

"ఒక్కటి మాస్టరుగారూ. ఇది చేయగలిగితే నేను ఉన్నట్టు. లేకపోతే లేనట్టు."

ఎన్నిరోజులు పట్టిందో నేను లెక్కపెట్టలేదు. ఎండ ఉన్నంతసేపూ కిటికీ దగ్గరే కూర్చునేది. తెర తీసేసింది, ఎవరు చూసినా పట్టించుకోలేదు. కుట్టేది, విప్పేది, వేలితో తడిమి మళ్ళీ కుట్టేది. ఆఖరికి ఒక మధ్యాహ్నం దారం కొరికేసి కోటు నా బల్ల మీద పరిచింది.

చిల్లు పూడింది. పూడిన చోటు మాత్రం తెలుస్తూనే ఉంది, కాస్త ముడుచుకుని, పేక ఒక పక్కకి లాగి. వేరే ఎవరు చేసినా బ్రహ్మాండం అనేవాణ్ణే. నాకు కళ్ళల్లో శుక్లం ముదిరి చూపు అంతంతమాత్రం, నాకే తెలిసిందంటే ఇంక చెప్పేదేముంది? "బాగుంది అక్కా" అన్నాను. ఆవిడ నా మొహమే చూస్తోంది.

ఆ మనిషి వచ్చింది. కోటు విప్పి చూసింది, వేలితో ఆ చోటు నిమిరింది. "చాలా బాగా చేశారమ్మా. తెలియనే తెలియట్లేదు" అంది. దణ్ణం పెట్టి, కోటు సంచిలో పెట్టుకుని, రోడ్డు దాటి వెళ్ళిపోయింది.

అక్క మొహం వెలిగింది. ఇన్ని నెలల తర్వాత ఆ వెలుగు చూశాను. ఆవిడ గుమ్మం దాకా వెళ్ళి, తలుపు అద్దంలోంచి అవతలి వైపు చూస్తూ నిలబడింది. చాలాసేపు కదల్లేదు.

"ఏంటక్కా చూస్తున్నావ్?"

"బస్సు కోసం నిలబడిందండీ. కోటు బయటికి తీసింది." ఆగింది. "వెలుతురుకి పెట్టి చూస్తోంది. ఆ చోటు మీద అరచెయ్యి పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి చూస్తోంది."

"పోనీలే, లోపలికి రా."

"ఏడుస్తోంది మాస్టరుగారూ. చెంపల మీద తడి కూడా కనబడుతోంది నాకు."

నేనూ వెళ్ళి పక్కన నిలబడి కళ్ళు చికిలించాను. రోడ్డవతల మసక మసగ్గా ఎవరో మనుషులు, అంతే, నాకింకేం కనబడలేదు. అక్కకీ అంతే కనబడి ఉంటే ఎంత బాగుండేది అనుకున్నాను.