పడుగు పక్కన ఒంటి చక్రం

నా చిన్నప్పుడు అమరచింతలో మా నేతగాళ్ల వీధికి చలికాలం గంజి వాసనతో తెల్లవారేది. పొద్దు పొడవగానే ఎవరో ఒకరు తమ గుమ్మం ముందు పడుగు చాచేవాళ్లు. పడుగంటే చీరకు నిలువునా వచ్చే నూలు. వేల పోగులను పక్కపక్కనే పరిచి, నడుమెత్తు కర్రల మీద నిలబెట్టి, రెండు కొసలూ తాళ్లతో బిగించి కట్టేవాళ్లు. వీధి ఈ చివర నుంచి ఆ చివరదాకా తెల్లగా సాగి ఉండేది. దానికి గంజి పట్టించి, పెద్ద కుంచెతో దువ్వి, ఎండకు ఆరబెట్టి, చుట్టి మగ్గానికి తీసుకుపోయేవాళ్లు. పడుగు బయట ఉన్నంతసేపూ ఆ వీధిలో ఎవరూ పరుగెత్తరు, మేకను విప్పరు. ఈ సంగతి మాకెవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. నడక వచ్చినప్పుడే ఇదీ వచ్చేది.

అన్నీ తెలిసిన నేనే ఆ తప్పు చేశాను. అప్పుడు నాకు పదేళ్లు.

ఆ ఏడాది దసరా వెళ్లాక మా చిన్నాయన సర్కస్ నుంచి ఇంటికి వచ్చాడు. మగ్గం గుంటలో కూర్చోవడం తన వల్ల కాదని చిన్న వయసులోనే సర్కస్ వెంట పోయిన మనిషి. భుజం విరిగి, అది బాగయ్యేదాకా ఉందామని వచ్చాడు. వెంట ఒక రేకు పెట్టె, ఒక ఒంటి చక్రం సైకిల్ తెచ్చుకున్నాడు. ఒకటే చక్రం, దానికి రెండు పెడళ్లు, పైన సీటు, అంతే. పట్టుకోవడానికి హ్యాండిల్ కూడా లేదు. మా నాయనమ్మ దాన్ని చుట్టూ తిరిగి చూసి, మిగతా సగం ఎక్కడ అమ్ముకున్నావురా అని అడిగింది.

నాకు మాత్రం ఆ సగం సైకిల్ మీద ప్రాణం పడింది. నేర్పమని వారం రోజులు వెంటపడితే ఒప్పుకున్నాడు. శివరాత్రికి సర్కస్ మళ్లీ ఈ వైపు వస్తుందట, అప్పుడు తనూ చక్రమూ వెళ్లిపోతారట. అంటే నా చేతిలో ఉన్నది ఆ చలికాలం ఒక్కటే.

సాయంత్రాలు మా పెరటి గోడ పట్టుకుని తొక్కేదాన్ని. మోకాళ్లు దోక్కుపోయాయి, మోచేతులు దోక్కుపోయాయి, పరువు ఎలాగూ పోయింది. నెల గడిచేసరికి గోడ పొడుగునా జారకుండా పోగలిగాను. కానీ గోడ అయిపోగానే పడేదాన్ని. చిన్నాయన ఒకటే మాట అనేవాడు, “గోడ మీద చెయ్యి ఉన్నన్ని రోజులు నీకు రాదు బిడ్డా.” నేను మాత్రం లోపం గోడదే అనుకున్నాను. ఇంకాస్త పొడుగ్గా ఉంటే వచ్చేస్తుందని నా నమ్మకం.

ఇక్కడ మా పక్కింటి అక్క గురించి చెప్పాలి. ఆమె భర్త అంతకుముందు ఏడాదే ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. మా దగ్గర ఆడవాళ్లు అడ్డంగా నేసే నూలును కండెలుగా చుట్టేవాళ్లు, పోగులు అతికేవాళ్లు, మగ్గం మీద మాత్రం మగవాళ్లే కూర్చునేవాళ్లు. అక్క ఆ ఖాళీ మగ్గం ఎక్కుతానంది. నూలు ఇచ్చే సావుకారు చాలా రోజులు నాన్చి, చివరికి ఒక్క పడుగు ఇస్తానన్నాడు. అనుకున్న రోజుకు చీరలు సరిగ్గా దిగితే ఇంకోటి, లేకపోతే మగ్గం విప్పుకుని పుట్టింటికి పోవడమే. వీధిలో సగం మంది అయ్యో అన్నారు, సగం మంది చూద్దాం అన్నారు.

ఆ పడుగును అక్క చాచిన పొద్దున మంచు బాగా పట్టింది. నాలుగిళ్ల అవతల ఏమీ కనబడటం లేదు. నేను నిద్రలేచి చక్రం పట్టుకుని బయటికొచ్చేసరికి పడుగు ఒక్కటే ఉంది. అక్క ఒక కుండ గంజి పట్టించి, రెండో కుండ కోసం లోపలికి పోయింది. ఆ తెల్లటి బద్దె మంచులోకి సాగిపోయి, దాని చివర ఎక్కడుందో తెలియకుండా ఉంది. సరిగ్గా నా చేతికి అందే ఎత్తు. మా పెరటి గోడకు పదింతల పొడుగు. నా బుర్రకు అది పడుగుగా కనిపించలేదు. పట్టుకోవడానికి ఎవరో నా కోసమే కట్టిపెట్టినట్టు కనిపించింది. ఊరికే వేళ్లు ఆనిస్తాను, బరువు వేయను అని నాకు నేనే చెప్పుకుని చక్రమెక్కాను.

పది బారలు పోయానేమో. అంత హాయిగా ఎప్పుడూ పోలేదు. తరువాత చక్రం రాయెక్కింది, నా చెయ్యి తనంతట తనే పోగులను పిడికిట పట్టుకుంది, ఒళ్లంతా దాని మీద పడింది. కర్ర జారింది. పోగులు టపటప తెగిన చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

నేను చేసిన మొదటి పని లేచి పారిపోవడం. చక్రాన్ని అక్కడే వదిలేసి గడ్డివాము వెనక దాక్కున్నాను. చప్పుడుకు చిన్నాయన బయటికొచ్చాడు, అక్క వచ్చింది, వీధంతా వచ్చింది. బురదలో పోగులు, వాటి మధ్య చక్రం. చిన్నాయన ఒక్కసారి చుట్టూ చూసి, తానే తొక్కబోయి పడ్డానని చెప్పాడు. భుజం కట్టు ఇంకా విప్పని మనిషి చెప్పిన మాటను కోపంలో అందరూ నమ్మేశారు. కులవృత్తి వదిలేసి గంతులేసేవాడికి నూలు విలువ ఏం తెలుస్తుందని నోటికొచ్చినట్టు తిట్టారు. ఆయన తల వంచుకుని అన్నీ పడ్డాడు. అక్క మాత్రం వంగి, తెగిన కొసలను బురదలోంచి ఒక్కొక్కటే ఏరుకుంటోంది.

నా అరచేతికి అంటిన గంజి ఆరిపోయి చర్మం బిగుసుకుపోసాగింది. పిడికిలి మూస్తే లాగుతోంది, తెరిస్తే లాగుతోంది. కడుక్కుంటే పోయేదే. ఎందుకో కడుక్కోబుద్ధి కాలేదు. ఎండెక్కేదాకా ఓర్చుకుని, ఇక చేతకాక అక్క ముందుకు పోయి ఆ చెయ్యి చాపాను. పట్టుకుందామనుకున్నాను అని మాత్రం ఎలాగో అన్నాను.

అక్క నా చేతిని తిప్పి చూసింది. కొడుతుందనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది.

“నువ్వొక్కదానివే కాదు పిల్లా,” అంది. “నేను గూడ దాన్నే పట్టుకొని ఉన్న.”

ఆ తర్వాత నేను ఏడవడం మొదలుపెడితే, ఏడిస్తే పోగులు అతుకవు, చేతులు కడుక్కొని రమ్మంది. వేళ్లకు బూడిద అద్దుకుని, తెగిన రెండు కొసలను కలిపి, ముడి పడకుండా మెలితిప్పడం నేర్పింది. అతికింది కనబడకూడదు, లాగితే ఊడకూడదు. మూడు వందల పోగులు దాటాక లెక్క మర్చిపోయాను. చిన్నాయన కూడా ఒంటి చేత్తో కొసలు అందిస్తూ మా పక్కన కూర్చున్నాడు. చిన్నప్పుడు పారిపోయిన పనికి మళ్లీ దొరికిపోయానని నవ్వాడు. నువ్వెందుకు అబద్ధం చెప్పావని అడిగితే, పడటం నాకు అలవాటే కదా అన్నాడు.

చీరలు వారం ఆలస్యంగా దిగాయి. సావుకారు బట్టను వెలుగుకు పెట్టి చూశాడు, గోరుతో గీకి చూశాడు. తప్పు దొరకలేదు. అయినా గడువు దాటిందని సణిగి, మరో పడుగు ఇవ్వడానికి నెలన్నర తిప్పించుకున్నాడు. ఆ నెలన్నర అక్క ఇతరుల ఇళ్లలో కండెలు చుట్టి బతికింది. నా మూలంగానే. ఆ సంగతి ఆమె ఎన్నడూ ఎత్తలేదు, నేను ఎన్నడూ మర్చిపోలేదు. రోజూ బడి నుంచి వచ్చి ఆమె పక్కన కూర్చుని కండెలు చుట్టేదాన్ని. చక్రం ముట్టుకోవాలంటే భయమేసేది. చిన్నాయనే బలవంతాన కళ్లంలోకి తీసుకుపోయి, గోడ లేని చోట నేర్పాడు.

శివరాత్రి దగ్గరపడింది. చిన్నాయన ప్రయాణం రేపనగా అక్క తన రెండో పడుగు చాచింది. కుంచె కింద పెట్టి నన్ను పిలిచి, చక్రం తెచ్చుకుని దీని పక్కన తొక్కు అంది. నేను తల అడ్డంగా ఊపాను. చిన్నాయన కూడా వద్దక్కా, పిల్లకు ఇంకా పూర్తిగా రాలేదన్నాడు. “ఆ చెయ్యి ఎసుంటిదో నాకెర్కలేదా,” అంది అక్క. “తొక్కనియ్యి.”

ఎక్కాను. పడుగు నా చేతికి జానెడు దూరంలో ఉంది. ఊగినప్పుడల్లా అరచెయ్యి అటే పోవాలని చూసింది. వీధి చివరున్న వేపచెట్టు మీద కళ్లు పెట్టి, చేతులు గాలిలోకి చాచి తొక్కాను. మధ్యలో ఒకసారి తూలాను. అప్పుడు పడుగు వైపు కాకుండా అవతలికి వాలి, గోడకు కొట్టుకోబోయి ఆగాను. తిరిగి చూస్తే పోగులు కదలకుండా ఉన్నాయి. అక్క అప్పటికే కుంచె పట్టుకుని తన పనిలో పడిపోయింది. నా వైపు చూడను కూడా లేదు.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. గద్వాల దవాఖానలో మోకాళ్లు చూసిన డాక్టర్ ఏదో ఒకటి పట్టుకుని నడవమన్నాడు. మెట్ల దగ్గర కోడలు ఠక్కున భుజం అందిస్తుంది. అందుకునే ముందు నా చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. ఆమె నిద్ర సరిగ్గా పోయిందా, ఆ పొద్దున ఆమెకేదైనా బరువుగా ఉందా అని ముందు ఆమె ముఖం చూస్తాను. అత్తయ్యకు మొహమాటం ఎక్కువని ఆమె అనుకుంటుంది. నా అరచేతికి ఇంకా గంజి అంటుకుని ఉందని ఆమెకు తెలియదు.