ఒకటి పక్కన ఒకటి

తడిసిపోయినవి మూడు వందల పదకొండు సంచికలు. మిగిలినవి నలభై ఒకటి. ఈ వానలకు ఢిల్లీ ద్వారకలోని మా ఫ్లాటు గోడ చెమ్మగిల్లి, మంచం కింది అట్టపెట్టెలోకి నీరు దిగింది. తడి కాగితం వాసన తగలగానే ఏటి ఒడ్డున మా చిన్న ఊరి ప్రెస్సు గుర్తొచ్చింది.

"మమ్మీ, ఫేంక్ దో నా! వాసనొస్తోంది," అని పారేయమంది మా అమ్మాయి.

ఆ సంచికలు అక్కడ ఏడేళ్లు నడిచిన ఓ వారపత్రికవి. దానికి యజమాని, సంపాదకుడు, విలేకరి అన్నీ దానయ్యగారే. నేను అక్షరాలు కూర్చేదాన్ని. పదో తరగతి తప్పినా లెక్కలు సొంతంగా నేర్చుకున్నానని అంకెలున్న పేజీలన్నీ నాకే ఇచ్చేవారు. ఆయనకొక పద్ధతి ఉండేది. తప్పు అచ్చయితే మరుసటి వారం సవరణ వేయాలి. తప్పు చేసినవాళ్లే ఆ పత్రిక పట్టుకెళ్లి, నొచ్చుకున్నవాళ్ల గుమ్మంలో నిలబడి పైకి చదవాలి. "కాగితం మీదైతే ఓ మూలన దాచెయ్యొచ్చు అమ్మాయ్. గొంతులో దాచలేం," అనేవారు.

వరద వచ్చిన ఏడు, ఎవరెవరు ఎంతమందిని ఒడ్డుకు చేర్చారో పట్టిక వేశాం. అందరి పేర్ల ఎదుటా ఒకటో, రెండో. తాటిదోనె నడిపే మరియమ్మ పేరు ఎదుట మాత్రం ఒకటి పక్కన ఒకటి. పొరపాటున రెండుసార్లు పేర్చాననుకుని, ఎవరినీ అడగకుండా ఒకటి తీసేశాను.

పత్రిక వచ్చిన రోజే తప్పు గమనించి దానయ్యగారు నన్ను వెంటబెట్టుకుని ఆమె ఇంటికి నడిచారు. మరియమ్మ చేపలు తోముతూ తల కూడా ఎత్తలేదు.

"ఒక్కరేనంటగా దానయ్యగారూ! ఆ ఒక్కరెవరో చెప్పండి. మిగతా పదిమందినీ మళ్లీ ఏట్లో దింపేసొస్తా."

ఆయన పకపకా నవ్వారు. ఆమె నవ్వలేదు.

"నేను కోతలు కోశానంటున్నారు పేటలో."

"వచ్చేవారం పదిమందినీ నీకు తిరిగిచ్చేస్తాం. ఈ అమ్మాయే వచ్చి చదువుద్ది."

"గట్టిగా చదవమనండి. పేటంతా వినాల."

సవరణ రెండు వరుసలు కూర్చి ఉంచాను. ఆ వారం పేజీలు కట్టకముందే దానయ్యగారు పోయారు. పత్రికా ఆయనతోనే ఆగింది. అచ్చు కాగితం చేతిలో లేకుండా మరియమ్మ గుమ్మం తొక్కే ధైర్యం నాకు రాలేదు. తర్వాత ఢిల్లీ వచ్చేశాను.

సాకేత్‌లోని మా ఆఫీసులో ఇప్పటికీ, నమ్మబుద్ధికాని అంకె కనిపిస్తే కొట్టేయను. లేచి వెళ్లి అడుగుతాను. "మేడమ్, మెయిల్ పెడితే సరిపోయేదిగా," అని కుర్రాళ్లు నవ్వుతారు.

ఆ పట్టిక ఉన్న చివరి సంచిక బతికింది. దాన్ని ఫ్యాను కింద ఆరబెడుతూ, అంచున అప్పట్లో నేను పెన్సిలుతో రాసుకున్న అంకె చూసి, "యే దస్ క్యా హై, మమ్మీ?" అని ఆ పది ఏమిటో అడిగింది మా అమ్మాయి.

మరియమ్మకు ఇంకా బాకీ: పదిమంది.